స్కాలర్‌షిప్ ఎక్కడికి పంపితే అక్కడికే వెళ్లారు.. అక్కడే వెలిగారు

చిక్కబళ్లాపుర: మే, జూన్ నెలలు వచ్చాయంటే సరిహద్దు ఊళ్లలో ఏ ఇంట చూసినా ఒకటే చర్చ. అబ్బాయికి ఎక్కడ సీటొచ్చింది? అమ్మాయికి హాస్టల్ దొరికిందా? ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ ఎంత? మనసుకు నచ్చిన కాలేజీ ఒకటుంటుంది, చేతిలో డబ్బుకు అందేది ఇంకొకటి ఉంటుంది. చివరికి స్కాలర్‌షిప్ ఇచ్చే చోటుకే పంపుతారు. వెళ్లే పిల్లల మనసులో మాత్రం ఓ మూల వెలితి ఉండిపోతుంది. డబ్బు కోసం వచ్చాం కానీ ఇష్టపడి రాలేదు కదా అనుకుంటారు.

సరిగ్గా ఇలాగే డబ్బు ఇచ్చే చోటికి వెళ్లి చదువుకున్న తెలుగింటి కుర్రాడు ఒకడు మన ప్రాంతంలోనే పుట్టాడు. బెంగళూరు నుంచి పుణెకు వెళ్లాడు. ఆ ఊరితో, ఆ పనితో పాతికేళ్ల పాటు ముడిపడిపోయాడు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. కృష్ణరాజసాగర కట్టిన ఇంజినీరుగా, మైసూరు దివానుగా, భారతరత్నగా ఆయన అందరికీ తెలుసు. ఏటా సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే చేసుకునేది ఆయన పుట్టినరోజునే. అయితే ఇంత జీవితానికీ మలుపు తిప్పింది మైసూరు సర్కారు ఇచ్చిన ఒక ఉపకార వేతనం అన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

ఇంటి పేరులోనే సొంతూరు

నంది కొండలకు దగ్గరలో ఉన్న ముద్దేనహళ్లి ఆయన పుట్టిన ఊరు. అప్పట్లో కోలారు జిల్లా. 2007లో చిక్కబళ్లాపుర కొత్త జిల్లా అయ్యాక ఇటు వచ్చింది. ఇటు బాగేపల్లి, అటు గౌరిబిదనూరు, చింతామణి.. ఈ చుట్టుపక్కల సంతకు వెళ్లినా, బస్సెక్కినా తెలుగు వినపడుతుంది. కైవారం తాతయ్య తెలుగులో తత్వాలు చెప్పింది కూడా ఈ నేల మీదే.

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. తరతరాల కిందటే ఇటు వలస వచ్చారు. ఊరు వదిలినా పేరు వదల్లేదు. ఇంటి పేరుగా వెంట తెచ్చుకున్నారు. మన సరిహద్దు కుటుంబాల్లో చాలామందికి ఇది తెలిసిన కథే. ఇంటి పేరు ఆంధ్రలోని ఊరిది, రేషన్ కార్డు కర్ణాటకది.

ఆయన పుట్టింది 1860 సెప్టెంబర్ 15న. 1861 అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట్లో పాండిత్యానికి లోటు లేదు, డబ్బుకే లోటు. పైగా పిల్లాడి చదువు ఒక దారికి రాకముందే తండ్రి పోయారు. భూములు, ఆస్తులు పెద్దగా లేని ఇల్లు. అలాంటి ఇంట్లో పెద్ద దిక్కు పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చదువు మానేసి ఏదో ఒక పనిలో చేరడమే ఆ రోజుల్లో మామూలు.

వెంకటలక్ష్మమ్మ అలా కానివ్వలేదు. చిక్కబళ్లాపురలో ప్రాథమిక చదువు అయ్యాక కొడుకును బెంగళూరు పంపారు. అక్కడ మేనమామ రామయ్య ఉన్నారు. ఆసరా ఇచ్చారు.

పాఠాలు చెబుతూ పాఠాలు నేర్చి..

బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరాక మేనమామ సాయం ఒక్కదానితోనే గడవలేదు. మైసూరు సర్కారులో ఉద్యోగం చేసే కొడగు కుటుంబం ఒకటి పిల్లలకు పాఠాలు చెప్పమంది. కుర్రాడు ఆ ఇంట్లోనే ఉంటూ వాళ్ల పిల్లలకు ట్యూషన్ చెప్పాడు. భోజనానికి మేనమామ ఇల్లు, పడుకోవడానికి పాఠం చెప్పే ఇల్లు, చదువుకోవడానికి కాలేజీ. రోజంతా ఈ మూడింటి మధ్య నడకే.

అప్పట్లో సెంట్రల్ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. పరీక్షలూ, పట్టాలూ అక్కడివే. కాలేజీ ప్రిన్సిపల్ చార్లెస్ వాటర్స్. లెక్కల్లో ఈ కుర్రాడి చురుకుదనం ఆయన కంట పడింది. ట్యూషన్ చెప్పుకుంటూనే క్లాసులో ముందుండే పిల్లాడంటే ఏ మాస్టారికైనా అభిమానమే. వాటర్స్ కూడా వెన్నుతట్టారు. 1881 నాటికి విశ్వేశ్వరయ్య బీఏ పట్టా మంచి మార్కులతో చేతికి వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో బీఏ అంటే చిన్న చదువు కాదు. ఏ కచేరీలోనో గుమాస్తాగానో, ఏ బడిలోనో ఉపాధ్యాయుడిగానో చేరిపోవచ్చు. తండ్రి లేని ఇల్లు, తల్లి బాధ్యత. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం చూసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. పైచదువు కావాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఇంట్లో లేదు. ఇంజినీరింగ్ చదువు మైసూరు సంస్థానంలోనే లేదు.

సంస్థానానికి ఇంజినీర్లు కావాలి

అప్పుడే మైసూరులో పెద్ద మార్పు జరిగింది. యాభై ఏళ్లు ఇంగ్లిష్ కమిషనర్ల చేతిలో ఉన్న సంస్థానాన్ని 1881 మార్చిలో తిరిగి ఒడెయార్లకు అప్పగించారు. రంగాచార్లు దివాన్ అయ్యారు. ఆయన చేతికి వచ్చింది కుదేలైన రాజ్యం. అంతకు ముందు 1876 నుంచి 78 వరకు దక్షిణాదిని మహా కరువు పీల్చి పిప్పి చేసింది. మైసూరు సంస్థానం జనాభాలో దాదాపు అయిదో వంతు, అంటే పది లక్షల మంది దాకా ఆ కరువుకు బలయ్యారు. రాయలసీమనూ, బళ్లారినీ కూడా ఆ కరువు వదల్లేదు. పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనేది దీన్నే. విశ్వేశ్వరయ్య బెంగళూరులో చదువుకుంటున్న రోజులవి. కరువు ఎలా ఉంటుందో ఆయన తరానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చెరువులు బాగుచేయాలి, కాలువలు తవ్వాలి, రైలు దారులు వేయాలి. వీటికి చదువుకున్న మనుషులు కావాలి. సంస్థానంలో ఇంజినీరింగ్ కాలేజీ లేదు కాబట్టి తెలివైన కుర్రాళ్లను బయటికి పంపాలి. వాటర్స్ అండ, రంగాచార్లు సర్కారు ఉపకార వేతనం కలిసి వచ్చాయి. విశ్వేశ్వరయ్యకు పూనా సైన్స్ కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చదివే అవకాశం దక్కింది.

ఆయన చదివింది మద్రాసు యూనివర్సిటీ పరిధిలో. మద్రాసులోనూ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. దగ్గర కూడా. అయినా డబ్బు చూపిన దారి పూనా వైపు ఉంది. అటే వెళ్లారు. ఏ కాలేజీ గొప్పది, ఏ ఊరు బాగుంటుంది అని బేరీజు వేసుకునే వెసులుబాటు లేదు. మైసూరు సర్కారు డబ్బు లేకపోతే ఏ కాలేజీ కూడా లేదు. అంతే లెక్క.

రైలు దారిలో మన ఊళ్లే

అప్పటికి బెంగళూరు నుంచి పుణెకు నేరు రైలు లేదు. హుబ్లీ మీదుగా లైను తర్వాత కాలంలో వచ్చింది. బెంగళూరు నుంచి ధర్మవరం, గుంతకల్లు లైను కూడా 1890ల నాటిదే. 1881లో రైల్లో వెళ్లాలంటే ఉన్న దారి ఇది: బెంగళూరు నుంచి తూర్పుగా జోలార్‌పేట, అక్కణ్నుంచి అరక్కోణం, మళ్లీ వెనక్కి మళ్లి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు, షోలాపూరు, చివరికి పూనా. మద్రాసు నుంచి బొంబాయికి వేసిన ఈ లైను 1871లో రాయచూరు దగ్గర కలిసింది. తమిళ నేల, తెలుగు నేల, కన్నడ నేల, మరాఠీ నేల అన్నీ దాటితే తప్ప కాలేజీ గేటు కనపడదు.

అది పూర్తిగా కొత్త ఊరు. వీధిలో మరాఠీ. ఇంట్లో తెలుగు, బయట కన్నడం, క్లాసులో ఇంగ్లిష్ అలవాటైన కుర్రాడికి నాలుగో భాష. తిండి వేరు, చలి వేరు. సెలవు దొరికితే ఇంటికి వచ్చి వెళ్లేంత దగ్గర కాదు.

ఓవర్సీర్ల క్లాసు నుంచి సైన్స్ కాలేజీ దాకా

పూనా కాలేజీ 1854లో చిన్నగా మొదలైంది. ప్రభుత్వ నిర్మాణాలు చూసుకునే కింది స్థాయి ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే తరగతి అది. తర్వాత బొంబాయి విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. ఇంజినీరింగ్‌తో పాటు వ్యవసాయం, అడవుల పెంపకం వంటి తరగతులు కూడా చేరడంతో సైన్స్ కాలేజీ అని పేరు మార్చారు. విశ్వేశ్వరయ్య వెళ్లింది ఆ పేరు కొత్తగా పెట్టిన రోజుల్లోనే. 1911లో అది మళ్లీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. పుణెలో సీఓఈపీ అని ఇప్పుడు పిలుచుకునేది దాన్నే. 2022లో అది విశ్వవిద్యాలయం హోదా పొందింది.

ఈ కాలేజీలో పుస్తకం ఒక్కటే చదువు కాదు. వర్క్‌షాపు ఉంది. కొలతలు తీయాలి, చేత్తో పని చేయాలి. లెక్కలంటే ఇష్టమున్న కుర్రాడికి ఆ లెక్క గోడగా, కాలువగా, తూముగా ఎలా మారుతుందో కళ్ల ముందు కనపడింది. చుట్టూ చూస్తే అదే ప్రపంచం. పుణె పక్కనే ఖడక్‌వాస్లా దగ్గర ముఠా నది మీద పెద్ద రాతి ఆనకట్ట అప్పటికే పూర్తయింది. దక్కను కరువు నేలకు నీరు ఎలా మళ్లించాలన్నదే బొంబాయి ఇంజినీర్ల ముందున్న ప్రశ్న. ముద్దేనహళ్లి పిల్లాడికి ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు.

1883లో బొంబాయి విశ్వవిద్యాలయం ఎల్.సి.ఇ. పరీక్ష జరిగింది. అప్పటి సివిల్ ఇంజినీరింగ్ పట్టా అదే. ఫలితాల్లో విశ్వేశ్వరయ్యది మొదటి స్థానం. జేమ్స్ బర్క్‌లీ బహుమతి కూడా ఆయనకే. డబ్బు కోసం చేరిన కాలేజీలో ఆయన అయిష్టంగా రోజులు నెట్టలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మొదటి ర్యాంకు వెనుక మరో లాభం ఉంది. ఆ కాలేజీ నుంచి ముందు వరుసలో పాసైనవారికి బొంబాయి ప్రభుత్వం నేరుగా అసిస్టెంట్ ఇంజినీరు ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ ఉండేది. ఇంటర్వ్యూల కోసం తిరగనవసరం లేదు, సిఫార్సులు అక్కర్లేదు. 1884లో నాసిక్‌లో ఉద్యోగంలో చేరారు. ట్యూషన్లు చెప్పుకొని గడిపిన కుర్రాడు పాతికేళ్లు నిండకుండానే ప్రజా పనుల శాఖ ఇంజినీరయ్యాడు.

పుణె వదల్లేదు

చదువు అయిపోయింది కదా, ఇక సొంత రాష్ట్రం వెళ్దాం అని ఆయన అనుకోలేదు. రాబోయే ఇరవై నాలుగేళ్లు బొంబాయి ప్రభుత్వ కొలువులోనే గడిచాయి.

మొదట్లోనే ఖాన్‌దేశ్‌లో గట్టి పరీక్ష ఎదురైంది. ధూళే ప్రాంతంలో పాంజరా నది అడుగు నుంచి గొట్టం వేసి నీటిని అవతలికి తీసుకెళ్లే పని అది. వానలు మొదలై పనికి అడ్డుపడ్డాయి. కొత్త ఉద్యోగి కాబట్టి వాన తగ్గేదాకా ఆపుదామని పైఅధికారికి రాశారు. పైనుంచి అది క్రమశిక్షణ లేని మాటగా తోచింది. మారు మాట్లాడకుండా పనిలో దిగి పూర్తి చేసి చూపించారు. తర్వాత సింధు రాష్ట్రంలోని సుక్కూరుకు పంపారు. సింధు నది నీళ్లు బురద. శుద్ధి చేసే పెద్ద ఏర్పాట్లకు మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. నది ఇసుకే వడపోత పని చేస్తుంది కదా అన్న ఆలోచనతో నది ఒడ్డున బావి తవ్వి, నీరు ఇసుకలోంచి ఊరి అందులోకి చేరేలా చేశారు. 1895 నాటికి ఊరికి మంచినీళ్లు అందాయి.

డబ్బు తక్కువ ఉన్నప్పుడు దారి వెతకడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కాలేజీ చదువు ఆ అలవాటుకు లెక్క నేర్పింది.

మళ్లీ పుణెకు బదిలీ అయ్యాక అసలు పేరు వచ్చింది. కాలువ నీళ్లన్నీ పైనున్న చెరకు రైతులే వాడేసుకుంటుంటే కింద ఊళ్లకు చుక్క దక్కని పరిస్థితి. మన కాలువల చివరి భూముల రైతులకు ఈ బాధ బాగా తెలుసు. దానికి ఆయన బ్లాక్ పద్ధతి తెచ్చారు. ప్రతి ఊరి భూమిని కొన్ని భాగాలుగా చేసి, చెరకూ మెట్ట పంటలూ వంతులవారీగా మార్చుతూ నీరు ఎక్కువ ఊళ్లకు సర్దే ఏర్పాటు అది. రైతులు మొదట ఒప్పుకోలేదు. కూర్చోబెట్టి మాట్లాడి ఒప్పించారు.

1903లో ఖడక్‌వాస్లా ఆనకట్టకు తానే రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు బిగించారు. వరద మట్టం పెరిగితే వాటంతట అవే తెరుచుకుని, తగ్గితే మూసుకునే తలుపులు. కట్ట ఎత్తు పెంచకుండానే అదనంగా నీళ్లు నిలిచాయి. విద్యార్థిగా వెళ్లిన ఊళ్లో, కాలేజీ పక్కనున్న ఆనకట్టకే ఆయన తలుపులు పెట్టారు. పేటెంట్ ఉన్నా ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి దాని మీద వచ్చే సొమ్ము వద్దన్నారు.

పుణె ఆయనకు ఇచ్చింది ఉద్యోగం ఒక్కటే కాదు. మహాదేవ గోవింద రానడే, గోపాలకృష్ణ గోఖలే లాంటి వారి పరిచయం, స్నేహం దక్కాయి. దేశం పేదరికం గురించి, పరిశ్రమల గురించి రానడే చేసే ఆలోచనలు ఆయన మీద గట్టిగా పని చేశాయి. ఇంజినీరు కట్టలు కట్టి ఊరుకుంటే చాలదు, బడులు, బ్యాంకులు, కార్ఖానాలు కూడా కావాలన్న పట్టుదల ఆయనకు ఇక్కడే కుదిరింది. ఆ స్కాలర్‌షిప్ మరో ఊరికి పంపి ఉంటే మంచి ఇంజినీరు అయ్యేవారేమో. మనం ఎరిగిన విశ్వేశ్వరయ్య అయ్యేవారని మాత్రం చెప్పలేం.

బాకీ తీర్చిన తీరు

1908లో బొంబాయి కొలువు వదిలేశారు. ఆయన కంటే సీనియర్లు చాలామంది ఉన్నారు. అత్యున్నత పదవి భారతీయుడికి దక్కే రోజులూ కావు. విదేశాలు చూస్తూ తిరుగుతున్న సమయంలో హైదరాబాద్ నుంచి కబురు వచ్చింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. 1909లో హైదరాబాద్ వచ్చి, వరద నీటిని పైనే ఆపేందుకు జలాశయాలు కట్టాలని పథకం వేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

అదే ఏడాది చివర్లో మైసూరు పిలిచింది. చీఫ్ ఇంజినీరు పదవి. ఉపకార వేతనం ఇచ్చిన సంస్థానానికి ఆయన ఉద్యోగిగా రావడం ఇదే మొదలు. నడుమ గడిచింది పాతికేళ్లకు పైనే. వెంటనే సరే అనలేదు. పెద్ద పనులు, సాంకేతిక విద్య, పరిశ్రమలు చేపట్టే ఉద్దేశం ఉంటేనే వస్తానన్న ధోరణిలో ఉన్నారు. మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయార్ అభయమిచ్చాక వచ్చారు. 1911లో కృష్ణరాజసాగర పని మొదలైంది. పుణెలో నేర్చిన గేట్లు ఇక్కడికీ వచ్చాయి. బ్లాక్ పద్ధతి మండ్య కాలువల కిందికి వచ్చింది. కాలేజీకి పంపిన డబ్బు అసలూ వడ్డీ కలిపి తిరిగి వచ్చినట్టే.

1912లో దివాన్ అయ్యారు. అప్పుడు చేసిన పనుల్లో చదువుకు సంబంధించినవి చూస్తే, తన చిన్నతనం ఆయనకు ఎంత గుర్తుందో అర్థమవుతుంది. 1913లో నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టం వచ్చింది. ఊళ్లలో కొత్త బడులు తెరిచారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పెట్టారు. సంస్థానాల్లో అదే మొదటిది. తాను చదివిన సెంట్రల్ కాలేజీ మద్రాసు నీడ నుంచి బయటికొచ్చి మైసూరు యూనివర్సిటీలో భాగమైంది. ఈ పనిలో పాలుపంచుకున్న తెలుగు ప్రముఖుడు కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు వాసి అయిన ఆయన కూడా ప్రభుత్వ ఉపకార వేతనంతోనే కేంబ్రిడ్జ్ వెళ్లి చదువుకున్నవారు.

1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. ఇకపై మైసూరు పిల్లలు ఇంజినీరింగ్ కోసం రాయచూరు, షోలాపూరు దాటి వెళ్లనక్కర్లేదు. తనకు లేని సౌకర్యం వెనకొచ్చేవారికి ఇచ్చారు. యూవీసీఈ పేరుతో అది ఇప్పుడు ఆయన పేరునే మోస్తోంది.

అందరూ మెచ్చని మాట

అన్నీ పొగడ్తలే అయితే జీవిత కథ కాదు. 1918లో సంస్థానంలో పెద్ద వాదన లేచింది. సర్కారు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం బ్రాహ్మణులవే, మిగతా కులాల వారికి వాటా కావాలని గట్టి డిమాండు వచ్చింది. దీన్ని పరిశీలించడానికి మహారాజు సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్యకు ఈ దారి నచ్చలేదు. ఉద్యోగానికి ప్రతిభే కొలత కావాలి, వెనుకబడిన వారిని చదువు ద్వారా పైకి తేవాలి అన్నది ఆయన పక్షం. దివాన్ పదవి వదిలేశారు.

పేద ఇంటి నుంచి స్కాలర్‌షిప్‌తో పైకి వచ్చిన మనిషి అలా ఆలోచించడంలో వింత లేదు. తనకు పనికొచ్చిన దారే అందరికీ పనికొస్తుందనుకున్నారు. కానీ ఆ ఇంట్లో డబ్బు లేకపోయినా తరాల నుంచి అక్షరం ఉంది. బెంగళూరులో మేనమామ ఉన్నాడు. ప్రిన్సిపల్ కంట పడేదాకా కాలేజీలో ఉండగలిగాడు. బడి గుమ్మమే తొక్కనివ్వని కులాల పిల్లలకు ఈ మూడూ లేవు. మిల్లర్ కమిటీ ఆ తర్వాత వాటా కల్పించాలనే చెప్పింది. స్కాలర్‌షిప్ ఒక్కటి చాలా, అంతకు ముందు మెట్లు కూడా వేయాలా అన్న ఆనాటి ప్రశ్న ఇంకా మన మధ్య ఉంది. ఆయన గొప్పతనం చెప్పుకొనేటప్పుడు దీన్ని దాటేయడం సబబు కాదు.

చివరిదాకా చదువు మీదే

పదవి పోయినా పని మానలేదు. 1923 నుంచి భద్రావతి ఇనుము కర్మాగారాన్ని గట్టెక్కించారు. తనకు రావలసిన ప్రతిఫలాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. యువకులకు చేతి పని నేర్పే సంస్థకు మళ్లించమన్నారు. బెంగళూరులో 1943లో మొదలైన ఆ సంస్థకు తన పేరు కూడా వద్దని, జయచామరాజేంద్ర పేరు పెట్టించారు. ఒకప్పుడు సర్కారు సొమ్ముతో చదివిన కుర్రాడు తన సొమ్ముతో ఇతరులకు చదువు ఏర్పాటు చేసిన సందర్భమిది.

1930ల చివర్లో ఒడిశాకు వెళ్లి మహానది వరదలను పరిశీలించారు. పైన జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన తర్వాతి కాలంలో హిరాకుడ్ ఆలోచనకు దారి వేసింది. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో నూరేళ్లు దాటిన వయసులో బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలోనే జరిగాయి. ఆయన పుట్టిన ఇల్లు, సమాధి అక్కడే ఉన్నాయి.

సరిహద్దు గీతలు గీసుకున్న రాష్ట్రాలన్నీ ఆయన్ను తమవాడనే అంటాయి. బెళగావిలో సాంకేతిక విశ్వవిద్యాలయానికి, నాగపూర్‌లో జాతీయ సాంకేతిక సంస్థకు ఆయన పేరుంది. గిద్దలూరు వైపు మోక్షగుండం కూడా ఆయన్ను గుర్తు చేసుకుంటుంది.

ఈ ఏటి పిల్లలకు

ఇక మన ఇంటి చర్చకు వద్దాం. స్కాలర్‌షిప్ చూసి కాలేజీ ఎంచుకోవడం చిన్నతనమేమీ కాదని ఈ కథ చెబుతుంది. అయితే ఒక్క డబ్బే చూసి ఊరుకోకూడదని కూడా చెబుతుంది. విశ్వేశ్వరయ్యకు కలిసొచ్చినవి మూడు. ఆ కాలేజీలో ఆయనకు ఇష్టమైన లెక్కకు పని దొరికింది. చదువు అయ్యాక ఉద్యోగానికి దారి ఉంది. ఆ ఊరు మంచి మనుషులను పరిచయం చేసింది. ఇందులో మొదటి రెండూ చేరకముందే విచారించి తెలుసుకోవచ్చు. మూడోది మాత్రం గదిలో తలుపేసుకుని కూర్చుంటే రాదు.

సరిహద్దు పిల్లలు ఇంకొన్ని అడిగి తెలుసుకోవాలి. స్కాలర్‌షిప్ మొదటి ఏడాదికేనా, చదువు అయ్యేదాకానా? మార్కులు తగ్గితే ఆగిపోతుందా? ఫీజుకు మాత్రమేనా, హాస్టల్, భోజనానికి కూడానా? స్థానికత ధ్రువపత్రం ఏ రాష్ట్రానిది అడుగుతారు? పదో తరగతి తెలుగు మీడియంలో చదివితే ఇబ్బంది ఉంటుందా? ఈ లెక్కలు ముందే తేల్చుకుంటే తర్వాత గుండె దడ ఉండదు.

ఆ తర్వాత పెట్టె సర్దుకుని బయల్దేరడమే. ఊరు కొత్తదే, భాష కొత్తదే. అలాంటి ఊరికే ముద్దేనహళ్లి నుంచి ఒక కుర్రాడు నూట నలభై ఏళ్ల కిందట వెళ్లాడు. వెళ్లేటప్పుడు ఆయన్ను నడిపింది డబ్బే. ఇరవై నాలుగేళ్లు అక్కడ ఉంచింది మాత్రం పని మీద ఇష్టం.